బొమ్మ రావద్దన్న సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఊళ్లో టీవీ ఉన్న ఇల్లు మాది ఒక్కటే. కొత్తగూడెం నుంచి అడవిలోకి వెళ్లే దారిలో, గుట్టల మధ్య ఇరుక్కున్న ఊరు మాది. టీవీ కొనడం ఒక ఎత్తు, అందులో బొమ్మ రప్పించడం ఇంకో ఎత్తు. ఇప్పటి పిల్లలకు ఆ తిప్పలు చెబితే పకపకా నవ్వుతారు. నవ్వనీ, వాళ్లకేం తెలుసు.

యాంటెన్నా కొనడానికి మా తాతయ్య నన్ను వెంటబెట్టుకుని కొత్తగూడెం వెళ్లాడు. రేడియోలు అమ్మే షాపులో ముసలి భాయ్ ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి, సంబంధం మాట్లాడేవాడిలా ఊరి సంగతంతా అడిగాడు. ఎంత దూరం, మధ్యలో గుట్ట అడ్డముందా, ఇంటి చుట్టూ చెట్లు ఎంత ఎత్తున ఉన్నాయి. నాకేమో తళతళలాడుతున్న పొట్టి యాంటెన్నా నచ్చింది. అది టౌను ఇళ్లకే సరిపోతుందని, మా ఊళ్లో బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాదని ఆయన తేల్చేశాడు. వరసగా కడ్డీలున్న పొడుగాటిది తీసి, దానికి తోడు సిగ్నల్ పెంచడానికి బూస్టరని ఒక చిన్న డబ్బా కూడా ఇచ్చాడు.

అడవి పక్కన ఉండి ఇనుప పైపు కొనడమేమిటి, వెదురు బొంగు మీద కడదామని మా నాన్న గొణిగాడు. వెదురు గాలికి ఊగుతుంది, ఊగితే బొమ్మ నిలవదని తాతయ్య వినలేదు. పెరట్లో ఒక లావు పైపు పాతి, అందులోకి సన్న పైపు దింపి, పైన మూడు దిక్కులకూ తీగలు లాగి కట్టాడు. పిడుగు భయానికి ఇంకో తీగ భూమిలోకి వదిలాడు. కింద నిలబడి చేత్తో తిప్పితే యాంటెన్నా తిరిగేది. ఒకరు తిప్పాలి, ఇంకొకరు టీవీ ముందు నిలబడి అరవాలి. ఆ అరిచే పని పక్కింటి అక్కది.

"ఇంకా, ఇంకా... ఆఁ ఆగు! అయ్యో, పాయె!" అని ఆమె అరుస్తుంటే సగం ఊరు నవ్వేది. ఆమె భర్త భూగర్భ గనిలో పనిచేసేవాడు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం బస్సుకు వచ్చేవాడు, చేతిలో మిర్చి బజ్జీల పొట్లంతో. మేం ఆయన్ని బావా అని పిలిచేవాళ్లం. అప్పటికి అక్కకు ఏడో నెల. అత్తమామలు లేరు, తల్లి పక్క ఊళ్లో ఉండేది. అందుకని వారమంతా మా ఇంట్లోనే తిరుగుతుండేది.

ఆ శనివారం సాయంత్రం వాకిలి నిండా జనం. శనివారం తెలుగు సినిమా వేసేవాళ్లు, మధ్యలో ఆపి వార్తలు చదివేవాళ్లు. అక్కకు కింద కూర్చోవడం కష్టం కాబట్టి ముందు వరసలో కుర్చీ వేశాం. సినిమా మంచి పట్టులో ఉంది. బస్సు స్టేజీ దాకా వెళ్లిన తాతయ్య అప్పుడే తిరిగొచ్చి, మా నాన్నను పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. నాన్న మారు మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. సినిమా వదిలి ఎక్కడికబ్బా అనుకున్నాను. తాతయ్య పెరట్లోకి నడిచాడు. వార్తల టైము దగ్గర పడుతుండగా బొమ్మ వంకర తిరిగి, చుక్కలు చుక్కలై పోయింది. గర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏంది పెద్దాయనా, మంచి టైముల!" అని ఒకతను కేకేశాడు.

"గాలికి తిరిగింది" అన్నాడు తాతయ్య పెరట్లోంచి.

గాలెక్కడిది? ఆకు కదలడం లేదు. నేను పెరట్లోకి పరుగెత్తాను. తాతయ్య పైపును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. యాంటెన్నా తిన్నగా గుట్టవైపు చూస్తోంది.

"తాతా, అటు కాదు!" అని నేను పైపు పట్టుకున్నాను. నన్నెప్పుడూ గద్దించి ఎరగని మనిషి, నా చెయ్యి విడిపించి పక్కకు నెట్టాడు.

"వద్దు బిడ్డా. ఇయ్యాల బొమ్మ రావద్దు."

మళ్లీ పైపును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో అక్క నడుం మీద చెయ్యేసుకుని రానే వచ్చింది.

"తాతా, ముసలోనివైనవ్, నీతోని గాదు. ఇటియ్యి, నేను తిప్పుత. జల్దీ తిప్పితె ఫైటింగన్న సూడొచ్చు!" అని నవ్వుతోంది.

"వట్టి మనిషివి కాదు, ఇనుము జోలికి రాకు. పొయ్యి కూసో" అన్నాడాయన, ఆమె ముఖం వైపు చూడకుండా.

కాసేపు చూసి జనం లేచారు. టీవీ కొన్నాడు గానీ చూపించే మనసు లేదని ఒకరు, వయసు మీద పడితే ఇంతేనని ఇంకొకరు మొహం మీదే అని వెళ్లారు. ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనని మనిషి ఆ మాటలన్నీ నిలబడి పడ్డాడు. వాకిలి ఖాళీ అయింది. మా అమ్మ అక్కను లోపలికి పిలిచి అన్నం పెట్టింది. రేపు బావ వస్తాడని, ఈసారి ఊయలకు తాడు తెమ్మని చెప్పానని అక్క తింటూ మాట్లాడుతూనే ఉంది. మా అమ్మ పొయ్యి వైపు తిరిగి ఊఁ కొడుతోంది.

అక్క చెయ్యి కడుక్కుంటుండగా నాన్న సైకిలు వచ్చి ఆగింది. వెనక అక్క తల్లి. "ఏందే అమ్మా, గిట్ల చెప్పకుండ వచ్చినవ్?" అంటుండగానే ఆమె వచ్చి అక్క వెనక కూర్చుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. తాతయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, పొద్దుగాల గనిల కప్పు కూలింది. నీ పెనిమిటి పొయ్యిండు."

అంతే చెప్పాడు. దెబ్బ తగిలిందనో, దవాఖానాలో ఉన్నాడనో చుట్టూ తిప్పలేదు. అక్క ఏడుపు గురించి నేను రాయలేను. దేవుడా, ఇందాక నవ్విన గొంతు ఇదేనా అనిపించింది.

బావతో పనిచేసే ఒకాయన కబురు పట్టుకుని ఆ సాయంత్రం బస్సు దిగాడట. స్టేజీ దగ్గర తాతయ్య ఆయన్ని ఆపి, ఛాయ్ హోటల్లో కూర్చోబెట్టి, అక్కకు తానే చెబుతానని వచ్చాడు. వార్తల్లో ఆ గని పేరు వినబడితే చాలు, ఊరందరి మధ్య, తన మనిషి ఒక్కరూ పక్కన లేకుండా అక్కకు తెలిసిపోతుంది. కడుపుతో ఉన్న పిల్ల. అందుకని బొమ్మను ఆపాడు, జనాన్ని పంపాడు, తల్లిని పిలిపించాడు. ఇదంతా నాకు మా అమ్మ తర్వాత చెప్పింది.

కొన్ని నెలలకు అక్క చంటివాణ్ణి ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. తాతయ్య ముందు నిలబడి కోపంగానే అడిగింది. "నా మొగుడు సచ్చిపోయిండని తెల్సి, నేను నవ్వుతుంటె ఎట్ల సూసినవ్ తాతా? నాకు అన్నమెట్ల పెట్టిచ్చినవ్?"

"అవ్ బిడ్డా, సూసిన. నువ్వు కూలితె పట్టుకునే చెయ్యి కోసం సూసిన" అన్నాడాయన. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. అక్క పిల్లవాణ్ణి ఆయన ఒళ్లో పెట్టి, లోపలికి వెళ్లి మా అమ్మ పక్కన కూర్చుంది. ఆమె తాతయ్యను క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన చేసింది పూర్తిగా సబబేనా అంటే, అదీ చెప్పలేను.

ఇప్పుడు చావు కబుర్లు ఫోన్లలో టింగుమని వచ్చి పడుతున్నాయి. బస్సులో ఉన్నవాడికి, బండి నడిపేవాడికి, వంటగదిలో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి అన్నీ ఒకే తీరున అందుతున్నాయి. మా ఇంట్లో అలాంటి కబురు చెప్పే పని నా మీద పడితే, వీలైతే మనిషి దగ్గరికే వెళ్తాను. వెళ్లలేకపోతే ఫోన్ చేసి, బాగోగులకన్నా ముందు ఒక్కటే అడుగుతాను: "నీ పక్కన ఎవరున్నరు?" ఆ ప్రశ్న వింటేనే గుండె జారిపోతుందని మా పిల్లలు నన్ను తిడతారు. తిట్టనీ. ఎవరూ లేరని చెబితే, ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునేదాకా పిచ్చాపాటీ మాట్లాడుతూ ఉంటాను, తాతయ్య ఆ పైపును పట్టుకున్నట్టే ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని.