తాడు మీద నీలం చొక్కా

ఫ్రాన్సులోని మార్సేలో మా సందులో ఎవరింట్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి నేను తలుపులు తట్టక్కర్లేదు, కిటికీల ముందు బట్టల తాళ్లు చూస్తే చాలు. ఎదురింటి సొలాంజ్ తాడు మీద మంగళవారం మాత్రం మగవాడి చొక్కాలుండేవి. జైల్లో ఉన్న కొడుకు తూసాన్‌వి. బుధవారం జైలుకెళ్లి ఉతికినవి ఇచ్చి, మాసినవి తెచ్చుకునేది. హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి కదా, కాలరు కత్తిలా నిలబెట్టేది.

"లోపల ఎవరు చూస్తారే ఆ కాలరు?"

"వాడు చూసుకుంటాడక్కా."

ఈ వసంతంలో కోర్టుకు తీసుకెళ్తుంటే తూసాన్ బండి దూకి పారిపోయాడు. సొలాంజ్ కిటికీ కింది కాఫీ కొట్టు ముందు బల్ల దగ్గర ఇద్దరు మఫ్టీ పోలీసులు దిగారు. పొద్దస్తమానం పేకాట, చూపంతా ఆమె గుమ్మం మీదే.

"కబురేమైనా వచ్చిందా?" అన్నాను.

"పోలీసుల్ని మించిపోయావక్కా. వాళ్లు ఆదివారం పూటైనా ఊరుకుంటారు."

ఓ శనివారం పొద్దున ఆమె రెండు పొడుగు రొట్టెలు కొంది. ఒక్కటి కొంటేనే సగం తిని మిగతాది పావురాలకు వేసే మనిషి! నేను నోరు తెరిచేలోపే చెయ్యి నొక్కింది.

"వెనక గోడ దూకి వచ్చాడు. సాయంత్రం పడవెక్కి కార్సికా దీవిలో మా అన్న దగ్గరికి పోతాడు. ఒక్క పూట నోరు కట్టుకోక్కా."

కట్టుకున్నాను. ఎంత కష్టమో నాకు తెలుసు.

మధ్యాహ్నం కిటికీ తెరిస్తే, ఆమె తాడు మీద నీలం చొక్కా! కాలరు సాపు చేసి మరీ ఆరేసింది. చేతులూపాను. సొలాంజ్ వచ్చి చూసింది, తర్వాత తన చేతులకేసి చూసుకుంది. ఆదరాబాదరా తాడు లాగింది కానీ, చొక్కా నీళ్లు పేకముక్కల మీద పడి, పొట్టి పోలీసు అప్పటికే తలెత్తి చూస్తున్నాడు.

తూసాన్‌ని బనీనుతోనే కిందికి దించారు. సొలాంజ్ తడిచొక్కా పట్టుకుని వెంటపడింది.

"అయ్యా, ఒక్క అరగంట ఆగండి, ఆరిపోతుంది!"

"ఊరుకోవే అమ్మా," అన్నాడు తూసాన్, మెల్లగా.

"ఎందుకు ఉతికావే?" అని తర్వాత అడిగాను.

"విప్పి కుర్చీ మీద పడేశాడక్కా. మాసి ఉంది."

వాడికి శిక్ష పెంచి, ఉత్తరాన ఎక్కడో, రోజంతా రైల్లో పోవాల్సిన జైలుకు మార్చారు. సొలాంజ్ మోకాళ్లతో అయ్యే ప్రయాణం కాదది. ఇస్త్రీ చేసిన ఆ చొక్కా తలుపు వెనక సంచిలో ఉంటుంది. మంగళవారం తీసి మళ్లీ ఉతుకుతుంది. నీలం వెలిసిపోయింది.

అది తాడెక్కిందంటే నేను కిటికీ వేసేసుకుంటాను.