గుర్రానికి నిమ్మకాయలు

నాచారం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ భిక్షపతిగారు పూజ చేయనిదే ఏ కొత్త బండినీ కదలనివ్వరు. ఆయన పదేళ్ల కూతురు స్పందన చెంగిచెర్లలో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. తొలిసారి ఒంటరిగా స్వారీ చేసే రోజున, ఆయన గుర్రం నాలుగు గిట్టల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు.

"అన్నా, ఇది గుర్రం, స్కూటర్ గాదు," అన్నాడు ట్రైనర్ హబీబ్.

"నువ్వు జర ఊకో. నాకు తెల్వదా?"

అంటూనే గుర్రం ముక్కు కింద ఫెడేల్మని కొబ్బరికాయ కొట్టారు. గుర్రం బెదిరి ముందుకాళ్లు లేపింది. పైనున్న స్పందన కళ్లెం వదలకుండా, మెడ నిమిరి దాన్ని శాంతపరిచింది. తండ్రిగారు అప్పటికే ప్రహరీగోడ ఎక్కేశారు. ఆయన్ను దింపడానికి హబీబ్ నిచ్చెన తేవాల్సి వచ్చింది.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీలో మిఠాయిలు పంచారు.

"బిడ్డకు గంత ధైర్యం యాడికెల్లి వచ్చిందనుకున్నరు? నా రక్తం గదా!"