ముసురులో మా పెదనాన్న షట్టరు

పర్చూరులో మా పెదనాన్న కారు కొన్నప్పుడు ఊరు పెద్దగా పట్టించుకోలేదు. పొగాకు బాగా పలికిన రోజులు. కార్లు అక్కడొకటీ ఇక్కడొకటీ దిగుతూనే ఉన్నాయి. ఊరు కదిలి వచ్చి చూసింది ఆ కారుకు కట్టించిన షెడ్డు తలుపును. అది మామూలు తలుపు కాదు, ఇనప షట్టరు. గుంటూరులో పెద్ద దుకాణాలకు ఉండేలాంటిది. కింద పిడి పట్టుకుని కాస్త ఎత్తితే చాలు, మిగతా బరువంతా పైనున్న గొట్టంలోని స్ప్రింగు లాక్కునేది. వచ్చినవాళ్లందరికీ పెదనాన్న చిటికెనవేలుతో ఎత్తి చూపించేవాడు.

ఇది అరవైల చివరి సంగతి. నేను అప్పుడే ఒక దినపత్రికకు ఆ ప్రాంతపు విలేకరిగా కుదిరాను. పెదనాన్న ఇంట్లో ఉంటూ, పత్తి ధరలూ పొలంగట్టు తగాదాలూ రాసి, కవరును గుంటూరు బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాణ్ణి.

షట్టరు బిగించిన మేస్త్రీ చీరాల ముస్లిం. నలభై దాటినవాడు, మాట తక్కువ. వెళ్లేటప్పుడు పెదనాన్నకు రెండు సంగతులు చెప్పి వెళ్లాడు. వానలకు ముందు స్ప్రింగును కిరసనాయిలు గుడ్డతో తుడిచి నూనె వెయ్యాలి. ముసురు పట్టినప్పుడు పని ఉన్నా లేకపోయినా రోజుకొకసారి తలుపు ఎత్తి దించాలి, లేకపోతే చెమ్మ ఒకేచోట నిలిచి ఇనుమును తినేస్తుంది.

పెదనాన్న రోజుకొకసారిని రెండుసార్లు చేసుకున్నాడు. తెల్లవారి అయిదింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి వీధంతా గడగడలాడేది. ఎదురింటివాళ్ల గేదె ఆ చప్పుడు వింటేగాని పాలు చేపేది కాదని, పెదనాన్న అద్దంకి వెళ్లిన రోజున వాళ్లు మా ఇంటికొచ్చి షట్టరు ఎత్తమని పెద్దమ్మను బతిమాలుకున్నారని చెప్పేవారు. నేను చూడలేదు కాబట్టి పత్రికకు రాయలేదు.

షెడ్డుకు ఇంకో నియమం కూడా ఉండేది. ఇంటి సామాను ఏదీ అందులో పెట్టకూడదు. వానకు కురవని కప్పు ఆ ఇంటి మొత్తానికి అదొక్కటే కావడంతో ఆ నియమం పెద్దమ్మకు మొదటినుంచీ గిట్టలేదు. కారు తడిస్తే తుడుచుకోవచ్చు, మిరపకాయలు తడిస్తే ఏంచేస్తారని ఆవిడ అడిగింది. పెదనాన్న షెడ్డు పక్కనున్న చిన్న తలుపుకు తాళంవేసి, తాళంచెవి పూజగదిలో దేవుడి పటం వెనక పెట్టాడు. ఆ ఇంట్లో పూజ ఎవరు చేస్తారో ఆయనకు గుర్తొచ్చినట్టు లేదు.

రెండో ఏడు వానల్లో స్ప్రింగు తుప్పుపట్టి తెగింది. మేస్త్రీ వచ్చి కొత్తది వేశాడు. మరుసటి ఏడు కార్తీకం ముసురులో అదీ బిగుసుకుంది. చిటికెనవేలు పోయి రెండు చేతులు వచ్చాయి, తరవాత ఇద్దరు పాలేళ్లు వచ్చారు, చివరికి గడ్డపార వచ్చింది. అయినా షట్టరు కదల్లేదు. కారు లోపలే ఉండిపోయింది.

పెదనాన్న కోపం మేస్త్రీ మీదికి మళ్లింది. మంగలి దుకాణంలో, టీ హోటల్లో, చివరికి జిన్నింగు మిల్లులో కూడా కూర్చుని అతనిది నాసిరకం పనని చెప్పాడు. మిగతా చోట్ల ఏమన్నా పెద్ద నష్టం లేదు గాని, మిల్లు సంగతి వేరు. యజమాని పెదనాన్నకు చిన్ననాటి స్నేహితుడు. కొత్త గోడౌనుకు పన్నెండు షట్టర్లు పెట్టించాలనుకుంటున్నాడు. ఆ పని దొరికితే మేస్త్రీకి ఏడాదిపాటు వెతుక్కోనక్కర్లేదు. పెదనాన్న మాట విన్నాక ఆయన చెక్క తలుపుల వడ్రంగికి కబురు పెట్టాడని తెలిసింది.

అంతటితో ఆగక పెదనాన్న నన్ను కూడా పట్టుకున్నాడు.

"నీ పేపర్లో రాయరా, జనం జాగ్రత్త పడతారు."

రెండో పక్షం కూడా వినకుండా మావాళ్లు వెయ్యరన్నాను. రెండో పక్షానికి పెదనాన్నే కార్డు రాశాడు.

మేస్త్రీ కొత్త స్ప్రింగు గోనెలో చుట్టుకుని వానలో తడుస్తూ వచ్చాడు. రంజాన్ నెల. పెద్దమ్మ టీ ఇవ్వబోతే ఉపవాసమని చెప్పి, చిన్న తలుపు గుండా షెడ్డులోకి వెళ్లి నిచ్చెన ఎక్కాడు. లాంతరు పట్టుకోవడానికి నేను వెళ్లాను. పెదనాన్న వీధి అరుగు మీద కూర్చున్నాడు.

గొట్టం మూత విప్పి మేస్త్రీ చాలాసేపు చూశాడు. స్ప్రింగు ఎడంవైపు నూనెతో నిగనిగలాడుతోంది. కుడివైపు పొరలు పొరలుగా రాలిపోతోంది. చెమ్మగాలికి పట్టిన తుప్పయితే రెండువైపులా పడుతుందిగా అన్నాడు. తల పైకెత్తాడు. సరిగ్గా కుడివైపున, గొట్టానికి మూరెడు ఎత్తులో చెక్క అటక ఉంది. దాని అడుగు తడిగా ఉంది. అక్కడ పేరుకున్న తెల్లటి పొడిని గోటితో గీకి నా అరచేతిలో వేశాడు.

"నాలిక మీద వేసుకుని చూడండి బాబూ. నేను ఒక్కపొద్దున్నాను."

ఆ ఉద్యోగంలో చేరాక చాలా సంగతులు చూశాను, విన్నాను. రుచి చూడటం అదే మొదటిసారి. ఉప్పు. అటక మీద గోనె పక్కకు తీస్తే తాటాకు బుట్టనిండా చినగంజాం కల్లుప్పు. చెమ్మకు కరిగి, బొట్టు బొట్టుగా గొట్టంలోకి దిగుతోంది.

మేస్త్రీ గోనెను మళ్లీ జాగ్రత్తగా కప్పేశాడు. అంతలో బయటినుంచి పెదనాన్న గొంతు వినిపించింది.

"ఏం మేస్త్రీ, ఏం తేలింది?"

"నాదే పొరపాటండి. మళ్లీ వేస్తాను."

నేను నోరు తెరవబోతే అతను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. పోయినేడు జ్వరంతో వచ్చి ఈ అరుగు మీదే పడిపోతే అమ్మగారు గంజి కాచి పోశారని, ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టి తన పేరు బాగుచేసుకోలేనని మెల్లిగా చెప్పాడు. పన్నెండు షట్టర్ల మాట నేను గుర్తుచేస్తే నిచ్చెన మెట్టు మీది నీళ్లు తుడవసాగాడు.

అరుగు మీదినుంచి పెదనాన్న లేచి షెడ్డులోకి వచ్చాడు. "విన్నావుగా, రెండో పక్షం కూడా ఒప్పేసుకుంది. ఇంక రాయి."

వంటింటి కిటికీ షెడ్డు వైపే ఉంది. పెద్దమ్మ చేతిలో గరిటెతో వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"రాయరా. ఉప్పు మా పెద్దమ్మదని కూడా రాయి."

పెదనాన్నకు అర్థం కాలేదు. ఆవిడే అటక వైపు గరిటె చూపించింది.

"పోయినేడూ నాదే, ఈ ఏడూ నాదే. వంటింట్లో పెడితే నీళ్లయి గడప దాటిపోతోంది. ఎక్కడ పెట్టుకోమంటారు, మీ నెత్తిన పెట్టనా?"

పెదనాన్న పంచె ఎగ్గట్టి తనే నిచ్చెన ఎక్కాడు. అటక అడుగున వేలుతో రాసి నోట్లో పెట్టుకున్నాడు. నమ్మకం కుదరక మళ్లీ పెట్టుకున్నాడు. దిగాక బుట్టను దింపించి, ఉప్పును మూత ఉన్న జాడీల్లో పోయించి, షెడ్డులోనే వెనక మూలకు పెట్టించాడు. ఆ ఇంట్లో పెద్దమ్మ నెగ్గిన వ్యాజ్యాల్లో అది ఎన్నోదో లెక్క తెలియదు.

మధ్యాహ్నానికల్లా కొత్త స్ప్రింగు పడింది. షట్టరు చిటికెనవేలుకు లేచింది. పెదనాన్న కారు బయటికి తీసి మేస్త్రీని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బస్టాండులో దింపుతాడనుకుని నేనూ వెనక ఎక్కాను. కారు మంగలి దుకాణం ముందు ఆగింది.

మా పత్రికలో ఎవరి గురించైనా తప్పు రాస్తే, సవరణ లోపలి పేజీలో అడుగున వేసేవారు. పెదనాన్న దాన్ని మొదటి పేజీలోనే వేస్తున్నాడు. కాకపోతే సవరణలోనూ ఒక తప్పుంది. మేస్త్రీ పని దివ్యంగా ఉందని, చెడగొట్టింది చీరాల వైపునుంచి వచ్చే ఉప్పుగాలని చెప్పాడు. టీ హోటల్లోనూ అదే మాట. అంత దూరం గాలి వస్తుందా అని ఎవరో అడిగితే, ముసురులో వస్తుందన్నాడు. మేస్త్రీ ఒళ్లో సంచి పట్టుకుని అద్దంలోంచి నేరుగా ముందుకే చూస్తున్నాడు.

మిల్లు దగ్గర యజమాని అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఉప్పుగాలంటే నా గోడౌనుకు మాత్రం తగలదేంట్రా? మంచిమాట చెప్పావు. చెక్క తలుపులే ఖాయం చేస్తా."

మేస్త్రీ తల దించుకున్నాడు. పెదనాన్న స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన మెడ ఎర్రబడటం వెనక సీట్లోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"గాలి కాదురా" అన్నాడు చివరికి. "మా ఆవిడ దాని నెత్తిమీదే ఉప్పుబుట్ట పెట్టింది."

"రెండేళ్లూ నువ్వు చూళ్లేదూ?"

"చూళ్లేదు."

మిల్లు యజమాని నవ్విన నవ్వుకు లోపల పత్తి ఏరే ఆడవాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆయన వాళ్లందరికీ మొదటినుంచీ చెప్పాడు. పెదనాన్న కారు దిగి, అక్కడే పత్తిబోరెం మీద కూర్చుని అదంతా విన్నాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక యజమాని మేస్త్రీని పిలిచి గోడౌను చూపించాడు.

మేస్త్రీ సంచిలోంచి టేపు తీశాడు. ప్రతి గుమ్మం దగ్గరా వెడల్పు కొలిచే ముందు, దాని పైన ఏముందో తలెత్తి చూశాడు. పన్నెండోది అయ్యేసరికి ముసురులో పొద్దు కుంకింది. పక్కవీధి మసీదునుంచి బాంగు వినిపించింది. అతను టేపు చుట్టి జేబులో పెట్టుకుని మంచినీళ్లు అడిగాడు.

పెదనాన్నే లేచి వెళ్లి తెచ్చాడు.