రిమార్కుల గడిలో రాయనిది

మంచుకొండ మీది సైనిక పోస్టులో నేను దిగిన రోజు అక్కడ ఉన్నవి: మనుషులు ఏడుగురు, నాతో కలిపి. ఫైబర్ గుడిసెలు రెండు. కిరోసిన్ పొయ్యిలు మూడు, ఒకటి పాడైంది. రేడియో సెట్లు రెండు, బ్యాటరీలు ఆరు. ముప్పై మీటర్ల ఎర్ర తాడు ఒకటి. ఎత్తు పదహారు వేల రెండు వందల అడుగులు. మధ్యాహ్నం పన్నెండింటికి మైనస్ పద్నాలుగు.

తొంభైల మొదట్లో మాట. నా పని రేడియో. బిలాస్‌పూర్‌లో ఐటీఐ చేసి సైన్యంలో చేరాను. నాన్న అక్కడే గూడ్సు డ్రైవరు.

తాడు మీద ముందు నడిచే జవాను మా వైపువాడే. ఊరు బెల్తరా. పేరు రాయను, వాళ్ళమ్మ ఉంది. మేం మాట్లాడుకున్నది హిందీ. నాన్న ఉద్యోగం వినగానే అన్నాడు: "అచ్ఛా, రైల్వే క్వార్టర్ బాబువా? ఇక్కడ ఫ్యాను స్విచ్చి వెతక్కు భాయీ."

రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లాగ్‌బుక్ నింపాలి. ఉష్ణోగ్రత, గాలి, బ్యాటరీ వోల్టేజి. చివరి గడి రిమార్కులు. పావుతక్కువ ఐదుకి పోస్టుకి పెద్ద, సుబేదార్ సాబ్‌కి చదివి వినిపించాలి. అంతా విని, ఇంకేమైనా ఉందా అని ఆయన ఒకే మాట అడిగేవాడు: "ఔర్ కుఛ్?" ఐదింటికి ముగ్గురు తాడు కట్టుకుని బయల్దేరేవారు. పక్క పోస్టువాళ్ళని సగం దారిలో కలిసి, ఉత్తరాలు, కిరోసిన్ తీసుకుని, వాలు మీద ఎండ పడి మంచు వదులు కాకముందే తిరిగి రావాలి.

యాభై ఒకటో రోజు. మైనస్ ఇరవై రెండు. గాలి తక్కువ. వోల్టేజి 12.4. మంచు పడి మూడు రోజులైంది. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. కానీ బూటు లేసు కడుతుంటే ఉన్నట్టుండి అనిపించింది. వీళ్ళు ఈ రోజు వెళ్ళకూడదు. అంతే, ఆ ఒక్క మాట. కారణం కోసం పది నిమిషాలు వెతికాను. మీటరు మళ్ళీ పెట్టాను. 12.4.

అంతకుముందు రెండుసార్లు ఇలాగే అనిపించింది. తొమ్మిదో రోజు, ముప్పయ్యో రోజు. రెండుసార్లూ ముగ్గురూ తిరిగొచ్చి టీ తాగారు. ముప్పయ్యో రోజు సంగతి బెల్తరావాడికి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ సెట్టులో జాతకాలు కూడా వస్తాయా? నా పెళ్ళెప్పుడో అడుగు, ఓవర్."

"ఔర్ కుఛ్?" అన్నాడు సుబేదార్ సాబ్.

"కుఛ్ నహీ, సాబ్."

రిమార్కుల గడిలో 'లేదు' అని రాశాను.

ఐదూ నలభై ఐదుకి, తాడు మీద రెండోవాడైన నర్సింగ్ అసిస్టెంట్ సెట్టులో మాట్లాడాడు. "అంతా ఠీక్. ముందువాడు పాట పాడుతున్నాడు, ఓవర్."

"ఆపమను, ఓవర్."

"నువ్వే చెప్పు. నా మాట వినడు."

ఆరింటికి రావాల్సిన కాల్ రాలేదు. పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఆరూ నాలుగుకి ముందు ఊపిరి వినబడింది, తర్వాత మాట. "మంచు జారింది. ఇద్దరం పైనే ఉన్నాం. ముందువాడు కింద. తాడు లోపలికి పోయింది."

సుబేదార్ సాబ్, మిగిలిన ఇద్దరు పారలతో పరుగెత్తారు. సెట్టు దగ్గర ఒకరుండాలి. ఆ ఒకరు నేను. వాలు ఎదురుగానే, ఆరు వందల మీటర్లు. బైనాక్యులర్స్‌లో ఎర్ర తాడు కనబడింది. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య పది మీటర్లుండాలి, కనబడింది నాలుగే.

హెలికాప్టర్ అడిగాను. మేఘాలు, తొమ్మిది దాకా రాదన్నారు. నిమిషానికోసారి వాలు మీదివాళ్ళని పిలిచాను. "ఎంత తవ్వారు? ఓవర్."

"మీటరు."

"తాడు లాగండి."

"లాగాం. రావట్లేదు."

"ఇంకెంత?"

సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది. "అడగడం ఆపు! నోరు మూసుకుని దేవుణ్ణి అడుగు!"

నాకు దేవుడు గుర్తు రాలేదు. లాగ్‌బుక్ తెరిచి ఉంది. 'లేదు' అన్న మాట నా చేతిరాతలో ఉంది.

ఏడూ ఇరవైకి: "చెయ్యి దొరికింది."

"ఉన్నాడా?"

మళ్ళీ అడిగాను.

"గ్లౌజు తీసి నాడి చూశాం. నువ్వింక రాసుకో."

ఏడూ ముప్పై ఒకటికి రాశాను.

తొంభై రోజులకి మమ్మల్ని దించారు. బిలాస్‌పూర్‌లో దిగేసరికి ఎండ మండుతోంది. నాన్న డ్యూటీ దిగి, నూనె చేతులతోనే క్వార్టర్ మెట్ల మీద కూర్చుని నా మాటంతా విన్నాడు.

"మరి సుబేదారు అడిగినప్పుడు సెప్పలేదేటి?"

"కారణం ఏటని చెప్పను నాన్నా?"

నాన్న తన మెమోల మాట ఎత్తాడు. ఇంజను కింద పట్టా తేడాగా కుదిపినట్టు అనిపిస్తే డ్రైవరు తర్వాతి స్టేషన్లో ఆపి మెమో రాసిస్తాడు. కారణం రాయక్కర్లేదు. వెనకొచ్చే బండిని ఆపేస్తారు, పట్టా చూశాకే వదుల్తారు. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో వింటున్నదే. ఆ పోస్టులో అది నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు.

"నువ్వెన్ని ఇచ్చావు?" అన్నాను.

"పందొమ్మిది."

"ఎన్నిట్లో దొరికింది?"

"ఒకదాంట్లో. పట్టా ఇరిగుంది."

"మిగతావాటికి?"

"తిట్లు తిన్నాను. బండ్లు లేటయ్యాయి గదా." లేచి, చేతులు కడుక్కోడానికి వెళ్తూ అన్నాడు: "నిజమో కాదో సూసుకునేది ఆళ్ళురా. మనం సెప్పాలి."

ఇప్పటికీ పట్టాల పక్కన ఎర్ర జెండా కనబడితే నాకు జెండా కనబడదు. తాడు కనబడుతుంది. బిగిసి, తెల్లటి వాలులోకి దిగిపోతూ.

పైన నాలుగు మీటర్లు. లోపల ఆరు.