రొయ్యకు మీసం
నస్పూర్ గనుల్లో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఉత్తరాది నుంచి వచ్చిన మా ఇంజనీరు నన్ను ‘ష్రింప్’ అని పిలిచేవాడు. అదేదో మెప్పనుకుని ఇంట్లో గొప్పగా చెప్పాను. మా ఆవిడ ఇంగ్లీషు నిఘంటువు తీసి చూసింది. మొదటి అర్థం రొయ్య, రెండోది పొట్టివాడు. ముడుచుకుపోవడం అనే అర్థమున్న పాత మాట నుంచి పుట్టిందట. నేను ముడుచుకుపోయి అన్నం ముందు కూర్చున్నాను.

“గింత దానికి ఫికర్ ఎందుకు? రొయ్యకు బారెడు మీసముంటది. మీరు గూడ జర పెంచుండ్రి,” అన్నది నవ్వాపుకుంటూ.

రోషంకొద్దీ పెంచాను. చెంపలదాకా పాకింది. ఆలోపు సొంతూరికి పోయిన ఇంజనీరు చాలా రోజులకు తిరిగొచ్చి, నన్ను ఏ పెద్దాఫీసు మనిషో అనుకున్నాడు. లేచి నిలబడి, “బైఠియే సాబ్” అని కుర్చీ చూపించాడు.

నేను కూర్చున్నాను.