రాయి తాకలేదు

మాదాపూర్ గుట్టలను పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజుల్లో లింగమూర్తి అక్కడే బండలు కొట్టేవాడు. 1997లో ఎగిరొచ్చిన రాతిపెచ్చు తగిలి అతని కుడికన్ను పోయింది. మేస్త్రి దవాఖానకు పంపాడే తప్ప, తప్పు తమదని ఒక్కసారీ అనలేదు. మరుసటి ఏడు అతను పెంచుకున్న పిల్లికి ఎడమకన్ను ఉబ్బి బయటికి పొడుచుకొచ్చింది. అదీ పేలుడు పనేనని లింగమూర్తికి అనుమానం లేదు.

"నా కన్ను దిన్నరు, ఇప్పుడు దీని కన్ను దిన్నరు," అని మేస్త్రి మీదికి వెళ్లాడు. మేస్త్రి పని మానుకొమ్మన్నాడు.

భార్య ఈరమ్మ పిల్లిని గంపలో పెట్టింది. ఇద్దరూ చందానగర్‌లోని పశువుల దవాఖానకు వెళ్లారు. అక్కడి డాక్టర్ రంగనాథ్ కోస్తా నుంచి వచ్చినవాడు.

"రాయి తాకింది సారూ," అన్నాడు లింగమూర్తి.

"తగలడం మీరు చూశారా అండి?"

"చూడలే. మరి ఇంకేముంటది?"

డాక్టర్ రెప్పల మీద నుంచే పిల్లి రెండు కళ్లనూ బొటనవేళ్లతో మెల్లగా నొక్కాడు. కుడిది లోపలికి జరిగింది. ఎడమది కదలలేదు. నోరు తెరిస్తే పిల్లి గింజుకోలేదు. ముక్కు ముందు గాజుపలక పెడితే ఒక రంధ్రం వైపే ఆవిరి పట్టింది. లోపల అంగిలి ఒకవైపు ఉబ్బి ఉంది.

"నల్లగుడ్డు మీద పుండుంది గదా సారూ," అన్నాడు లింగమూర్తి, రాయి తాకిందన్న మాట వదలకుండా.

"రెప్ప మూతపడక ఎండిపోయి పడిన పుండండి అది. కంటి వెనక చీము పట్టి ఉంటే నోరు తెరిచేటప్పుడు నొప్పికి అరిచేది. ఇది రాయి దెబ్బ కాదండి, క్యాన్సర్ గడ్డ. ముక్కులోకీ అంగిట్లోకీ పాకింది."

గడ్డలోంచి సూదితో తీసినదాన్ని పరీక్షించాక కూడా డాక్టర్ అదే చెప్పాడు.

"కన్ను తీసెయ్యుండ్రి. ఒక్క కంటితోని నేను బతుకుతలేనా?"

"కన్ను తీసినా గడ్డ మిగిలిపోతుందండి. తిండి కూడా మానేసింది కదా. ఇక బాధే. నొప్పి తెలియకుండా సూదిమందుతో నిద్రపుచ్చడమే మంచిదండి."

లింగమూర్తి తిట్టడానికి ఎవరో ఒకరున్నారన్న ధైర్యంతోనే అంత దూరం వచ్చాడు. ఆ ధైర్యం కూడా పోయింది. ఈరమ్మ కళ్లొత్తుకుంటూ, "ఇగ దాన్ని పరేషాన్ చెయ్యొద్దు," అంది. సూదిమందు ఎక్కేదాకా అతనే పిల్లిని ఒడిలో పట్టుకున్నాడు. దాని ఊపిరి ఆగినా చెయ్యి తియ్యలేదు.

మరునాడు ఈరమ్మ అంది: "మేస్త్రి తాన తప్పైందని చెప్పు. పని లేకుంటే ఎట్ల?"

"పిల్లి సంగతైతే చెప్త. నా కన్ను మాట వాపస్ తీస్కోను."

వెళ్లి అంతే చెప్పాడు. మేస్త్రి విన్నాడు. అతని చోట వేరేవాణ్ణి పెట్టుకున్నామన్నాడు.