తెరమీద యూనివర్సిటీ పేరు

నిరుడు మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డు పక్కన ఉన్న ఒక వ్యాపారి ఆఫీసు నుంచి నాకు పిలుపు వచ్చింది. ఆ వ్యాపారి రాజిరెడ్డి రోజూ పొద్దున కొనుగోలుదారులకు మెయిల్‌లో ధర పంపుతాడు. కాసేపటికే ఎదుటి షాపువాడు అంతకంటే కొంచెం తక్కువ చెప్పి బేరం తన్నుకుపోతున్నాడు. అనుమానం ఆ మెయిల్ టైప్ చేసే ఆపరేటర్ యాకూబ్ మీద పడింది. ఆ రోజు తేలకపోతే అతని ఉద్యోగం పోయినట్టే.

అక్కడ ఫైర్‌వాల్ పెట్టింది నేను. ఇంటర్నెట్‌కూ ఆఫీసు కంప్యూటర్లకూ మధ్య కాపలా ఉండే డబ్బా అది. మా దొరల గడీ పోయింది, భూములూ పోయాయి. నెట్‌వర్క్ పనితో బతుకుతున్నాను. ఆ పనిని మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేదు.

రాజిరెడ్డి డబ్బాను ఆపి మళ్లీ ఆన్ చేయించాడు. తెరమీద ఒక అమెరికా యూనివర్సిటీ పేరు వచ్చింది.

"దొరా, నా డబ్బాల అమెరికోళ్ల పేరెందుకున్నది? వీడు పెట్టిండా, మీరు పెట్టిండ్రా?"

"దాని పాస్‌వర్డే నాకు తెల్వది సేటూ," అన్నాడు యాకూబ్.

ఆ డబ్బాను నడిపించేది బీఎస్‌డీ వంశపు ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పాను. డెబ్బైల్లో యూనిక్స్ అనే సిస్టమ్ ఆ యూనివర్సిటీకి చేరింది. అక్కడి విద్యార్థులూ అధ్యాపకులూ దాన్ని పెంచి, బీఎస్‌డీ పేరుతో టేపులమీద ఇతరులకు పంపారు. ఇంటర్నెట్‌లో యంత్రాలు మాట్లాడుకునే పద్ధతినీ అందులో చేర్చారు. ఆ కోడ్ ఎన్నో కంపెనీల యంత్రాల్లోకి, చివరికి ఫోన్లలోకీ పాకింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రాసినవారి పేరు మాత్రం తీసేయకూడదు.

"ఊకెనే ఎవడిస్తడు? మా యార్డుల చాయ్ గూడ ఊకె పొయ్యరు."

"మోసం చేసేవాడు కోడ్‌ను అందరూ చదివేలా తెరిచి పెట్టడు."

"నాకు సదువ రాదని తెల్సే తెరిచిపెట్టిండ్రు!"

డబ్బా నేను పెట్టింది, అందులో తప్పుండదనుకున్నాను కనుక, నా అనుమానమూ యాకూబ్ మీదికే పోయింది. లాగ్స్, అంటే డబ్బాలో నమోదయ్యే రాకపోకలు, అన్నీ చూశాను. తప్పేమీ దొరకలేదు. రోజూ మెయిల్ ఎలా పంపుతారో నా ముందు చేసి చూపించమన్నాను.

యాకూబ్ ధరలు టైప్ చేశాడు. రాజిరెడ్డి తెర వైపు చూడనే లేదు. "సదువు," అన్నాడు. యాకూబ్ మెల్లగా మొదలుపెట్టాడు.

"గట్టిగ సదువురా! లారీల మోతల ఇనవడ్తలేదు."

రకాలవారీగా ధరలన్నీ గట్టిగా వినిపించాయి. కిటికీ బయట బస్తాలమీద కూర్చున్న ఎదుటి షాపు గుమాస్తా చాయ్ సగంలో వదిలేసి లేచిపోయాడు.

"రోజూ ఇట్లాగే చదివిస్తారా?" అని అడిగాను.

"మరి? టైపింగుల మోసం జేస్తే?"

నేను కిటికీ వైపు చూపించాను. రాజిరెడ్డి ముఖం మాడిపోయింది. "నువ్వన్న జెప్పద్దారా?" అని యాకూబ్ మీద లేచాడు.

"మెల్లగ సదువుతనంటే, ఏం దాస్తున్నవ్ రా అని తిడ్తివి గద సేటూ!"

యాకూబ్ ఉద్యోగం నిలిచింది. రాజిరెడ్డి మాత్రం ఓడినట్టు ఒప్పుకోలేదు. "ఆ పేరన్న తీసెయ్యుండ్రి దొరా," అన్నాడు.

"తీయను. వాళ్లు అడిగింది అదొక్కటే."

సమాచారం బయటికి పోతోందని ఎవరు పిలిచినా ఇప్పుడు నేను ముందు డబ్బా విప్పను. దాన్ని నమ్మని మనిషి పక్కన ఒక పూట కూర్చుంటాను.